హద్దు అవతల పెరిగిన బిడ్డ

నా బిడ్డను దాని తండ్రే ఎత్తుకుపోయాడు. అప్పటికి దానికి మూడేళ్లు నిండలేదు. ఆసిఫాబాద్‌లో కాపురం ఉన్నప్పుడు ఆయన చెయ్యి చేసుకోవడం మితిమీరి, ఒకనాడు బిడ్డను చంకనేసుకుని సుల్తానాబాద్‌లోని మా పుట్టింటికి వచ్చేశాను. కొన్ని నెలలకు ఆయన వచ్చాడు. మెత్తగా మాట్లాడాడు. మా బాపు కాళ్లకు మొక్కాడు.

"పిల్లకు పెద్దపల్లిల రైలు సూపిచ్చుకొస్త మామా. పొద్దుగూకక ముందే ఒస్తం" అన్నాడు.

నేనే దానికి తల దువ్వి, కాటుక పెట్టి, కొత్త గౌను తొడిగి పంపాను. చీకటి పడ్డా వాళ్లు రాలేదు. మా అన్న సైకిల్ మీద పెద్దపల్లి పోయి వాకబు చేస్తే, తండ్రీ బిడ్డా బల్లార్షా వైపు పోయే బండి ఎక్కారని స్టేషన్లో చాయ్ అమ్మే మనిషి చెప్పాడు. ఆ దారిలో రాజూరాలో మా ఆయన అక్క ఉండేది. మరాఠీ మాట్లాడే ఇంటికి కోడలిగా పోయింది. ఆమెకు పిల్లల్లేరు. బిడ్డను ఆమె చేతిలో పెట్టి, ఆయన చాందా పట్నంలో కలప డిపోలో పనికి కుదిరాడని తర్వాత తెలిసింది.

రాజూరా అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. మా అన్న, బాపు కలిసి పోయి అడిగారు. గుమ్మంలో నుంచే పంపించేశారట. ఇక దారి లేక కరీంనగర్ కోర్టులో దావా వేశాం.

కోర్టంటే మా ఇళ్లల్లో భూమి తగాదాలున్న మగవాళ్లు పోయే చోటు. ఆ వరండాలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. కొంగు నిండా కప్పుకుని గోడ వైపు తిరిగి కూర్చునేదాన్ని. మా ఆయన తరఫు వకీలు అందరి ముందు నిలబెట్టి అడిగాడు.

"మొగణ్ణి ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవమ్మా?"

"కొడుతుండె."

"ఏడ కొట్టిండు? మాకు తెల్వాలె గద."

ఎక్కడెక్కడ కొట్టాడో చెప్పమన్నాడు. వెనక బెంచీల మీద తమ పేషీ కోసం కూర్చున్న రైతులు మెడలు సాచి వింటున్నారు. నేను చెప్పాను. వీపు అని, నడుము అని, ఇంకా చెప్పాను. చెబుతుండగానే మా బాపు లేచి తలవంచుకుని బయటికి పోయాడు. తిరిగి ఇంటికి వచ్చే బస్సులో ఆయన నా పక్కన కూర్చోలేదు. కోపంతో కాదు, నా మొహం చూడలేక. ఊళ్లో బావి దగ్గరికి నేను పోతే మాటలు ఆగిపోయేవి.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఈలోపల హైదరాబాద్ రాష్ట్రమే లేకుండా పోయింది. మేము ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం, రాజూరా బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. బిడ్డను నాకు అప్పగించాలని ఆ తర్వాత తీర్పు వచ్చింది. నేను ఏడుస్తూ దండం పెడితే మా వకీలు మొహం మాత్రం వెలగలేదు.

"తీర్పు మనకే అయింది బిడ్డా. గానీ ఆ ఊరే మనది కాకుంట పోయింది" అన్నాడు.

అయినా అన్నను తీసుకుని రాజూరా పోయాను. ఠాణాలో ఫౌజ్‌దారు బొంబాయి వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. కాగితం అటూ ఇటూ తిప్పి, ఇది మా కోర్టు హుకుం కాదు, మీరు ఇక్కడ మళ్లీ దావా వేసుకోండి అన్నాడు. తిరిగి రాబోతూ, కాళ్లు ఆగక ఆ ఇంటి వీధికి పోయాను. నా బిడ్డ వాకిట్లో పిల్లలతో ఆడుకుంటోంది. పొడుగ్గా అయింది. నడక నాదే.

"బిడ్డా, నేను మీ అవ్వను, నిన్ను గన్న తల్లిని" అన్నాను.

అది నన్ను చూసి బెదిరింది. "ఆయీ! ఆయీ!" అని అరుస్తూ లోపలికి పరిగెత్తి మేనత్త చీర పట్టుకుంది. అమ్మను అక్కడ అలా పిలుస్తారు. చుట్టుపక్కల ఆడవాళ్లు బయటికి వచ్చి నన్ను ఎగాదిగా చూశారు. ఎవరో నవ్వారు. మా ఆయన అక్క, అంటే మా వదిన, తలుపు వేసుకుంది. కొంగు మొహం మీదికి లాక్కుని ఆ వీధి దాటాను.

అక్కడ మళ్లీ దావా, మళ్లీ అవే ప్రశ్నలు, ఈసారి మరాఠీలో. నేను చెప్పిన ప్రతి మాటా ఇంకో మనిషి నోట మరాఠీలో వినిపించేది. నా వీపు, నా నడుము, అన్నీ రెండోసారి ఊరేగాయి. మా ఆయన చివరికి వాయిదాలకు రావడం మానేశాడు. నాగపూర్ పోయి ఇంకొకామెతో ఉంటున్నాడని చెప్పుకున్నారు. మా వదిన మాత్రం ప్రతిసారీ వచ్చి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ కోర్టు కూడా చివరికి కరీంనగర్ తీర్పే సరైందన్నది.

అప్పగించే రోజు బిడ్డ మేనత్త మెడను వదల్లేదు. జవాను దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. నేను చేతులు చాచి నిలబడ్డాను. చుట్టూ జనం. వాళ్ల చూపుల్లో నేను పరాయి పిల్లను లాక్కుపోయేదాన్ని. మా వదిన తిడుతుందనుకున్నాను. ఆమె నా దగ్గరికి వచ్చి తెలుగులో "చీకట్ల భయపడ్తది మరదలా. దీపం ఆర్పకు" అంది. నా బిడ్డ దేనికి భయపడుతుందో నాకు తెలియదు.

రైల్లో అది గొంతు చించుకుని ఏడ్చింది. ఈమె ఎవరో నన్ను తీసుకుపోతోందని మరాఠీలో అందరికీ చెప్పింది. ఒక ముసలామె దాన్ని తన ఒళ్లోకి లాక్కుంది. సిర్పూర్‌లో ఎవరో పోలీసును పిలుచుకొచ్చారు. మా అన్న కాగితాలు చూపించాడు. పోలీసు చదివి, "తల్లేనట" అన్నాడు. అయినా ఆ ముసలామె బిడ్డను నా చేతికి ఇవ్వలేదు. అది ఆమె ఒళ్లోనే నిద్రపోయింది. నేను ఎదురు సీట్లో చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక బిడ్డ మూలకు కూర్చునేది. మేము మాట్లాడేది దానికి సగం కూడా అర్థమయ్యేది కాదు. నేను అన్నం కలిపి పెడితే మొహం తిప్పుకునేది, మా అవ్వ పెడితే రెండు ముద్దలు తినేది. కోర్టులు నాదన్న బిడ్డ నన్ను తాకనిచ్చేది కాదు.

వానలు పడ్డాక ఒక పొద్దున వాకిలి ఊడుస్తుంటే వీధి అవతల గోడ పక్కన మా వదిన నిలబడి ఉంది. చేతిలో చిన్న మూట. లోపలికి వచ్చే ధైర్యం లేదు, పోయే మనసూ లేదు. బాపు చూసి మండిపడ్డాడు.

"ఏ మొఖం పెట్టుకొని అచ్చింది? ఎల్లగొట్టు!"

నేను చీపురు పడేసి ఆమె దగ్గరికి పోయాను. ఆ నిలబడ్డ తీరు నాకు తెలుసు. రాజూరాలో వాళ్ల వాకిలి ముందు నేను అట్లాగే నిలబడ్డాను.

"లోపటికి రా వదినె."

"మీ బాపు..."

"బాపుకు నేను చెప్త. రా."

ఆమె గొంతు విని బిడ్డ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది. మధ్యాహ్నం మా వదిన అన్నం ముద్ద చేసి నా చేతికిచ్చి, "నువ్వు పెట్టు" అంది. బిడ్డ ఆమె మొహం చూసింది, తర్వాత నోరు తెరిచింది. అది నా చేతి ముద్ద తినడం అదే మొదలు.

అప్పటినుంచి ఎండాకాలం సెలవుల్లో నేనే దాన్ని రాజూరా తీసుకుపోయేదాన్ని. ఏ కోర్టూ చెప్పని పని అది. బాపు చాలా కాలం నాతో సరిగా మాట్లాడలేదు. బిడ్డ నెమ్మదిగా నన్ను అవ్వా అని పిలవడం నేర్చుకుంది. ఆమెను మాత్రం ఆయీ అనే పిలిచేది.

అది పెద్ద బళ్లో చేరిన యేడు మా వదిన వచ్చి కొన్నాళ్లు ఉంది. బావి దగ్గర పక్కింటామె అడిగింది.

"నీ బిడ్డ ఆమెను ఆయీ అంటది. ఆయీ అంటే ఏందే?"

"మరాఠీల మేనత్తను అట్లంటరు" అన్నాను.

బిందె పట్టుకుని నా బిడ్డ పక్కనే నిలబడి ఉంది. ఒక్కసారి నా మొహంలోకి చూసింది. ఆయీ అంటే ఏమిటో దానికీ తెలుసు. బిందె నెత్తిన పెట్టుకుని నాకంటే ముందు నడిచింది.