తాళం వేయని అద్దాల గది

గ్రంథాలయంలో కంప్యూటర్ల హాలు చూసుకునే ఆమెకు నోరెక్కువని పేరు. పక్కవాళ్ల తెరలోకి ఎవరైనా తొంగిచూస్తే ముఖం వాచేలా చీవాట్లు పెట్టేది. హాలు చివర అద్దాల గదిలో ఆమె కంప్యూటర్ ఉండేది. దాని ముందు కూర్చుంటే హాల్లో ఏ కంప్యూటర్లో ఎవరేం చూస్తున్నదీ ఆ తెర మీదే కనిపిస్తుంది. అందుకే ఆ గదిలోకి ఇంకెవరినీ రానిచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె అక్క భర్త ఎండలో పడి వచ్చాడు. చల్లగా ఉండేది ఆ గదొక్కటే. ఆయన్ని తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. ఇంతలో ప్రింటర్లో కాగితం ఇరుక్కుందని ఎవరో పిలిస్తే వెళ్లింది. తెర ఆపలేదు, తలుపూ వేయలేదు. బావగారే కదా, పరాయివాడా అనుకుంది.

ఆ ఆదివారం అక్కింట్లో భోజనాల దగ్గర ఆయన ఓ మాట చెప్పాడు. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వాళ్ల వీధిలో బట్టలు కుట్టే కుట్టుమిషన్ ఆవిడ దగ్గరికి వెళ్లాడట. పాపం, రొమ్ములో గడ్డ డాక్టరుకి చూపించుకున్నావా అమ్మా అని అడిగాడట. పక్కనే ఉన్న ఆవిడ అత్తగారు గుండెలు బాదుకుందట.

"మీకెలా తెలిసింది బావగారూ?"

"నీ గదిలోనే చూశాగా. ఆవేళ హాల్లో కూర్చుని ఆవిడ చదువుతున్నదంతా నీ కంప్యూటర్లో కనిపించింది."

ఆమె కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచింది.

మర్నాడు కుట్టుమిషన్ ఆవిడ దగ్గరికి వెళ్లి, తప్పంతా తనదేనని చెప్పింది. ఆవిడ మిషన్ ఆపింది కానీ తలెత్తలేదు.

"ఇంట్లో ఎప్పుడు చెప్పాలో నేనే చూసుకుందామనుకున్నానండీ. అక్కడైతే ఎవరూ చూడరని వచ్చేదాన్ని. మీరు అందర్నీ అంత గట్టిగా కసురుతారు కదా."

తిట్టినా బాగుండేది. ఆమె వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయింది.

పరీక్షల్లో ఆ గడ్డ ప్రమాదమైనది కాదని తేలింది. తాను అడగబట్టే ఆవిడ ఆసుపత్రికి వెళ్లిందని బావగారు సంబరపడ్డాడు. అక్క కూడా అంతా మన మంచికే అంది. ఆ మాటకు ఆమె తల ఇంకా వంగిపోయింది. మంచి జరిగినందుకు తనకు మాఫీ దొరికినట్టు అందరూ మాట్లాడుతున్నారు. మాఫీ చేయాల్సిన మనిషి మాత్రం మళ్లీ హాల్లో అడుగు పెట్టలేదు.

ఇప్పుడామె మంచినీళ్లకు లేచినా తెర ఆపి, గదికి తాళం వేసి వెళుతోంది. ఎవరైనా పక్క తెరలోకి తొంగిచూస్తే దగ్గరికెళ్లి, మెల్లగా, వద్దని చెబుతోంది. గొంతు పెంచడానికి మొహం చెల్లడం లేదు.