కడియం మునిగితే మూడు అరవై

దీనమ్మకి కోపం వస్తే నోరు లేవదు, చెయ్యి బరువెక్కుతుంది. ఆవిడ ఉతికిన చీర ఏడాది నిలవదని కూతురు సుగుణ ఏడిపించేది. కోపానికి కారణాలు మాత్రం దేవుడు ఆవిడకి ఏనాడూ తక్కువ చెయ్యలేదు.

ముక్తేశ్వరం దగ్గర గోదావరి పాయ మీద ఒక రేవుంది. అక్కడ మొగుడు పేతురు లస్కరు. నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం అతని పని. తొంభైలో వరదకి గట్టు కాపలా కాస్తూ పాము కరిచి పోయాడు. రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిప్పి తిప్పి ఆ ఉద్యోగం దీనమ్మకి ఇచ్చారు. "ఆడదానివి, అంకెలు చదవగలవా?" అని వెటకారం చేసిన గుమాస్తాకి, అతని నెత్తి మీద గోడకున్న క్యాలెండరు ఒకటో తారీకు నుంచి ముప్పై ఒకటి దాకా చదివి వినిపించి మరీ వచ్చింది.

రేవులో గేజీ రాయి ఉంటుంది. దాని మీద మీటర్లు, పాయింట్లు నల్లరంగుతో వేసి ఉంటాయి. పక్కనే పాత గోడకి పడవలు కట్టే ఇనుప కడియం. నీళ్ళు కడియాన్ని ముంచాయంటే రాయి మీద మూడు అరవై అన్నమాటే. పదకొండేళ్ళలో ఒక్కనాడూ తప్పలేదు. రాయి మీద నాలుగు యాభై కనిపిస్తే ఆఫీసుకి ఫోను చెయ్యాలి. వాళ్ళు అవతలి లంకలో దండోరా వేయిస్తారు. లంకకున్న ఒక్క దారి పాయ మీది కాజ్‌వే. అది మునిగేలోగా లంక జనం ఇవతలికి వచ్చెయ్యాలి. సుగుణని ఇచ్చింది ఆ లంకలోనే.

రెండువేల మూడులో పుష్కరాలొచ్చాయి. రేవుకి కొత్త మెట్లు కట్టడానికి కాంట్రాక్టరు సూరిబాబు దిగాడు. అడ్డమొచ్చిందని గేజీ రాయి పీకించాడు, పనయ్యాక మళ్ళీ పాతించాడు. పుష్కరాలు వెళ్ళిన కొద్దిరోజులకే నీరు పెరిగింది. కడియం మునిగింది. దీనమ్మ రాయి వంక చూసింది. మూడు ముప్పై. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. మూడు ముప్పయ్యే!

కడియం గోడ దిగి నడిచి రాదు కదా. ముప్పై పాయింట్ల తేడా! మహానుభావుడు రాయిని అడుగు ఎత్తున పాతించాడు! అంటే నీరు ఎంతున్నా అడుగు తక్కువే చూపిస్తుంది. రాయి నాలుగు యాభై అనేసరికి కాజ్‌వే మునిగి ఊరుకుంటుంది. ఆ తరవాత దండోరా ఎవరికి, చేపలకా?

మర్నాడే సెక్షన్ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి ఏఈ సుబ్రహ్మణ్యేశ్వరరావు. ఊళ్ళో ఏ గొడవొచ్చినా తన కుర్చీ కిందికి నీరు రాకుండా చూసుకునే మనిషి.

"సార్, రాయి తప్పు పాతేరండి. కడియం మునిగినా మూడు ముప్పయ్యే చూపిస్తందండి."

"కడియం ఏంటి దీనమ్మా?"

"పడవలు కట్టేదండి. మా ఆయన ఉన్నప్పట్నుంచీ లెక్క తప్పలేదండి."

ఆయన నవ్వాడు. "పడవ కట్టుకునే కడియం గవర్నమెంటుది కాదమ్మా. రాయి గవర్నమెంటుది. నువ్వు రాయి చూసి రాయి."

"మరి లంకోళ్ళండీ?"

"పెద్ద పెద్దోళ్ళొచ్చి ఆ మెట్లకి కొబ్బరికాయ కొట్టి వెళ్ళేరు. ఇప్పుడు రాయి పీకితే నా పరువేం కాను? వెళ్ళు."

ఎంత తేలిగ్గా అనేశాడు! మూడు వందల గడపల ప్రాణాలు ఒక పక్క, ఈయన పరువు ఒక పక్క! బయటికొచ్చి దీనమ్మ గేటు వేస్తే చిలుకు ఊడి కింద పడింది.

ఆ రోజు నుంచి రిజిస్టరులో రెండంకెలు రాసేది. రాయి అంకె పెన్నుతో. దాని కింద అడుగు కలిపిన అసలు అంకె పెన్సిలుతో. నెలాఖరుకి రిజిస్టరు ఆఫీసుకి పోయేది, ఏఈ గారు కూర్చుని ఓపిగ్గా పెన్సిలు అంకెలన్నీ రబ్బరుతో తుడిచి పంపేవాడు. రాయి సరిచెయ్యడానికి ఒక్క పూట పని. తుడవడానికి మాత్రం ఆ మనిషికి మూడేళ్ళ తీరికుంది. మళ్ళీ నెల ఆవిడ ఇంకాస్త గట్టిగా నొక్కి రాసేది.

రెండువేల ఆరు ఆగస్టు. గోదావరి పొంగింది. గంటగంటకీ చూడాల్సి వచ్చింది. ఒక మధ్యాహ్నం రాయి మీద నాలుగు ఇరవై. అంటే అసలు మట్టం నాలుగు యాభై. అవతల సుగుణ, దాని చంకలో నాలుగు నెలల పిల్ల. దీనమ్మ టీకొట్టులో కాయిన్ బాక్సు దగ్గరికి పరుగెత్తింది.

"నాలుగు యాభై అయ్యిందండి."

"రాయి మీదేనా?" అన్నాడు ఏఈ.

పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో దొంగ అంకె చెప్పి ఎరగదు. "ఆయ్, రాయి మీదేనండి," అంది.

దండోరా పడింది. బళ్ళ మీద, సైకిళ్ళ మీద, నెత్తిన మూటలతో లంక జనం కాజ్‌వే దాటారు. పిల్లని భుజాన వేసుకుని సుగుణ మోకాలి లోతు నీళ్ళలో వచ్చింది. గంట తిరక్కుండా కాజ్‌వే ఆనవాలు లేదు.

జనం బతికారు కదా, ఇంకేమిటి అంటారా? సర్కారు లెక్క అలా ఉండదు. ఆ వేళకి రాయి నాలుగు ఇరవయ్యే చూపించిందని ఆఫీసు జవాను గంగరాజు చూసి చెప్పాడు. తప్పుడు మట్టం చెప్పినందుకు దీనమ్మకి మెమో వచ్చింది. నెల తరవాత పై ఆఫీసు నుంచి పెద్ద ఇంజనీరు విచారణకి దిగాడు. కొలిపించి చూస్తే రాయి అడుగు ఎత్తునే ఉంది.

"వరద ఉరవడికి కదిలుంటుంది సార్," అన్నాడు ఏఈ, నోట్లో వెన్న పెట్టుకున్నట్టు. "ముందే తేడా ఉంటే ఈవిడ చెప్పేదే కదా. ఒక్కనాడైనా చెప్పలేదు."

దీనమ్మ చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది. బల్ల మీది మూడేళ్ళ రిజిస్టర్లు లాగి పెద్ద ఇంజనీరు ముందు పడేసింది. "చూడండి," అంది.

"ఏముందమ్మా ఇందులో?"

"చేత్తో తడిమి చూడండి."

ఆయన పేజీ మీద వేలు ఆనించాడు. ఆగాడు. రిజిస్టరు ఎత్తి కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకున్నాడు. పెన్సిలు పోయింది కానీ నొక్కు పోలేదు. మూడు అరవై. మూడు డెబ్బై. రెండు తొంభై. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. రెండువేల నాలుగు, రెండువేల అయిదు, కాగితం నిండా గాట్లే.

ఏఈ ముఖం పాలిపోయింది. అయినా నోరు ఊరుకోలేదు.

"ఇంత నొక్కి రాస్తే గవర్నమెంటు రిజిస్టరు చిరిగిపోదా దీనమ్మా?"

"ఆయ్, చిరగాలనే నొక్కేనండి," అంది దీనమ్మ.