గది అందుకున్న పల్లవి

ఎనిడ్ థీకర్ నా విద్యార్థిని. యార్క్‌షైర్ తీరంలోని మా రేవులో ఆమె తండ్రికి చేపల పడవ ఉండేది. ఆమె వలలు అల్లుతూ పాటలు కట్టేది. శుక్రవారం సాయంత్రాలు మద్యశాల మేడమీది గదిలో పాటల కూటమి జరిగేది. మైకు ఉండదు; వంతు వచ్చినవారు లేచి పాడాలి. పల్లవిని గది అందుకుంటే పాట ఊరిదైనట్టే. లేకుంటే అందరూ తమ బీరు గ్లాసుల్లోకి చూసుకుంటారు.

పంతొమ్మిది వందల డెబ్బయిలో ఎనిడ్ ఆ గదికి డ్రమ్ములు, కరెంటు గిటారు తెచ్చింది. అందరూ గ్లాసుల్లోకే చూశారు.

"పాటకి ప్లగ్గెందుకే? అదేమన్నా ఇస్త్రీపెట్టా?" అన్నాడు కూటమి పెద్ద ఏమస్ వెరిల్, ఆమె మేనమామ.

"నీకక్కర్లేదులే మామయ్యా. నువ్వు దగ్గితేనే అవతలి రేవుకి వినబడుతుంది," అని ఎనిడ్ వెళ్లిపోయింది.

తొమ్మిదేళ్లలో నాలుగు రికార్డులు చేసింది. లండనులో పెద్ద పెద్ద హాళ్లు నిండాయి. అయినా నాకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఒకే ప్రశ్న: "ఆ గది ఎప్పటికైనా నా పల్లవి అందుకుంటుందా, టీచర్?" తండ్రి పడవ తిరిగి రాని ఏడాది ఆమె కట్టి, రికార్డులోనూ పాడిన పాట తొలిప్రతి నా సొరుగులోనే ఉంది.

డెబ్బయితొమ్మిది అక్టోబరులో ఆమె గిటారు లేకుండా వట్టి చేతులతో మళ్లీ ఆ గదికి వచ్చింది. మోకాళ్ల నొప్పితో మూడేళ్లుగా ఆ మెట్లెక్కని నేనూ ఎక్కాను. ఆమె ఆ పాటే ఎత్తుకుంది. రెండో చరణంలో ఏమస్ చెయ్యెత్తాడు.

"ఆగమ్మా. తప్పు పాడుతున్నావు. 'పడవ మునిగింది' ఏమిటి? మన రేవులో ఆ మాట అంటామా? 'ఇంకా రాలేదు' అని పాడాలి."

"ఈ పాట నీకెలా తెలుసు మామయ్యా?"

"హల్ రేవు నుంచి వచ్చే ఓడవాళ్లు నేర్పారు. ముత్తాతల నాటిది. రెండేళ్లుగా ఇక్కడ పాడుతున్నాం. లండనోళ్లు నీకు చెడగొట్టి నేర్పినట్టున్నారు."

ఏమస్ ఆమె రికార్డు ఒక్కటీ వినలేదు. అసలు సంగతి చెబుదామని నేను లేవబోయాను. ఎనిడ్ కళ్లతోనే వారించింది.

"నువ్వు చెప్పినట్టే పాడతాను మామయ్యా. ఎత్తుకో."

పల్లవి వచ్చేసరికి నలభై గొంతులు ఒక్కటయ్యాయి. కింద గ్లాసులు కడిగే మనిషి సైతం అందుకుంది. ఎనిడ్ మాత్రం పాడలేదు. తల ఎత్తి, వింటూ నిలబడింది.

అటుపై ఆమె ముప్పై ఏళ్లు పాడింది. ఏ వేదిక మీదనైనా 'ఇంకా రాలేదు' అనే పాడింది.