నాలుగు వేళ్ళ ఉమ్మడి కాపురం

చలికాలం ఉదయాల్లో మాస్టరమ్మ పరుగు ముగించి ఇంటికి వచ్చేసరికి ఆమె వేళ్ళు ఆమెవి కాకుండా పోయేవి. చెంపలు ఎర్రగా ఉండేవి, వీపు మీద చెమట ఆవిరయ్యేది. వేళ్ళు మాత్రం సుద్దముక్కల్లా తెల్లగా బిగుసుకుపోయేవి. తాళంచెవి పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలిసేది కాదు. చేతులు రెండూ చంకల్లో దాచుకుని మోచేత్తో తలుపు తట్టేది.

“వచ్చింది మహారాణి, చేతులు ఏ రోడ్డు మీదో పారేసుకుని!” అని ఆడపడుచు లోపలినుంచే అరిచేది.

ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే టైలరింగ్ షాపు. ఆడపడుచు మిషను మీద కుడుతుంది. మాస్టరమ్మ కటింగ్ మాస్టరు. పద్దెనిమిదేళ్ళ వయసులో గుండీలు కుట్టడానికి ఆ షాపులో చేరింది. పదిహేనేళ్ళపాటు మూలన కూర్చుని, పక్క బల్ల మీద కత్తెర నడిచే చప్పుడు విని విని దాని నడక నేర్చుకుంది. పాత మాస్టరు మంచం పట్టిన వారం, కత్తిరించాల్సిన గుడ్డలు గుట్టగా పడి ఉంటే, ఎవరినీ అడక్కుండా లేచి కత్తెర అందుకుంది. ఆ బల్ల ముందు అంతకుముందు ఆడమనిషి నిలబడలేదు. ఆ తర్వాత ఇంకెవరూ నిలబడలేదు.

ఇప్పుడామెకి యాభై రెండు. ఆమె కత్తిరించిన కోటు గురించి ఊళ్ళో ఒక మాట ఉంది: మనిషికీ కోటుకీ మధ్య గాలి కూడా దూరదని. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె తలెత్తదు. పెదవి చివర మాత్రం చిన్న కుట్టు వేసినట్టు ముడుచుకుంటుంది.

పరుగు అయిదేళ్ళ కిందట దొరికింది. మోకాళ్ళ నొప్పులంటే డాక్టరు నడవమన్నాడు. నడుస్తూ ఉండగా ఒకరోజు బస్సు కదిలిపోతోంది. పరిగెత్తింది. ఆ బస్సు నడిపేది ఆమె మొగుడే. అద్దంలో పెళ్ళాన్ని చూశాడు కూడా. ఆపలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, “స్టాపు దాటాక ఆపకూడదు, రూలు” అన్నాడు. ఆమె కోపగించుకోలేదు. బస్సు వెళ్ళిపోయాక కూడా కాళ్ళు ఆగకపోవడం ఆమెకే వింతగా ఉంది. ముప్ఫై ఏళ్ళు ఒకే షాపులో మసలిన కాళ్ళు అవి. ఇంతకాలం లోపల ఇంత రోడ్డు దాచుకున్నాయని వాటికే తెలియదు. రోజంతా ఊరివాళ్ళ కొలతలు తీసే మనిషికి, ఏ కొలతా లేని గంట అదొక్కటే.

అందుకే ఆ ఏడు చలికాలంలో జరిగినదానికి ఆమె అంతగా కదిలిపోయింది.

ఆ రోజు పొగమంచులో కాస్త ఎక్కువ దూరం పోయి, ఆలస్యమై, తిన్నగా షాపుకి వచ్చేసింది. బల్ల మీద బూడిదరంగు ఉన్ని గుడ్డ పరిచి ఉంది. వేళ్ళకి ఇంకా ప్రాణం రాలేదు. అయినా కత్తెర పట్టింది. భుజం దగ్గర గీత వంపు తిరిగే చోట, కత్తెర తిరగలేదు. అరంగుళం లోపలికి దిగిపోయింది.

షాపు పెద్దాయన వచ్చి గుడ్డని చూశాడు. తర్వాత ఆమె వేళ్ళని చూశాడు. ఆయన కోటుకి రెండో గుండీ చాలా రోజులుగా ఒక్క దారానికి వేలాడుతోంది. ఊరందరి గుండీలూ కుట్టించే మనిషికి సొంత గుండీ కుట్టించుకోవడానికి తీరిక లేదు.

“మాస్టరమ్మా, చలి పోయేదాకా ఆ పరుగు మానెయ్యరాదూ?” అన్నాడు, మెత్తగానే.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మెత్తదనమే గుచ్చుకుంది.

“పరుగూ మానను, కత్తెరా వదలను బాబాయ్ గారూ.”

“మాటలకేం, ఎన్నైనా చెబుతావు. చేతులు వినొద్దూ?”

“వింటాయి. మూడు వారాల్లో ఊళ్ళో పది కిలోమీటర్ల పరుగుంది, పేరిచ్చాను. మీరు సూదీ దారం పట్టుకుని పరుగు ముగిసే గీత దగ్గర నిలబడండి. షాపులో అన్నిటికన్నా సన్నసూది తెండి. పరుగు ఆపగానే ఒక్కసారికే దారం ఎక్కించకపోతే, ఎండలు ముదిరేదాకా పరుగుకని గడప దాటను.”

ఆడపడుచు మిషను ఆపేసింది. “వదినా, నీకు మతి పోయిందా? వెచ్చటి వంటింట్లోనే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు తడుముతావు.”

పందెం మాట అనేసింది. ఇక వెనక్కి తీసుకోవడం మాస్టరమ్మ ఒంట్లో లేదు.

ఆ రాత్రే కొలతలు తీసింది. ఒక్కో వేలికీ పొడవు, చుట్టుకొలత, కణుపు దగ్గర వేరుగా, గోరు దగ్గర వేరుగా. సాగే నూలు గుడ్డతో చేతితొడుగులు కుట్టింది. తొడుక్కుంటే చేతులకి రంగు వేసినట్టున్నాయి. ఆడపడుచు తిప్పి తిప్పి చూసి, “వేలిముద్రలు కూడా కనబడుతున్నాయి కదే!” అంది. షాపులో అందరూ మెచ్చుకున్నారు. గాలి కూడా దూరదు.

మర్నాడు వాటితో పరిగెత్తింది. రెండో కిలోమీటరు దగ్గర నూలు చెమట తాగింది. మూడో దగ్గర ఆ తడి మంచుముద్దయింది. బిగువుకి వేళ్ళలోకి నెత్తురు దిగలేదు. తొడుగులు లేని రోజే నయమనిపించింది. ఇంటికొచ్చి సూది అందుకుంది. ఆడపడుచు అట్లకాడ పట్టుకుని పక్కన నిలబడి లెక్కపెట్టింది. పదకొండోసారికి దారం ఎక్కింది.

“ఒకటి పక్కన ఇంకో ఒకటి ఎవరో చేర్చారనుకుందాంలే,” అంది ఆడపడుచు.

షాపులో ఇస్త్రీ చేసే ముసలాయన్ని అందరూ ఇస్త్రీ తాత అంటారు. ఎవరి పనిలోనూ వేలు పెట్టడు. ఆ ఉదయం ఆమె చేతులు రుద్దుకుంటూ వస్తే, వేడి ఇస్త్రీపెట్టె ఎత్తడానికి తను వాడే గుడ్డసంచి తీసి ఆమె వైపు విసిరాడు. పాత కంబళి ముక్కలు రెండు పొరలుగా కలిపి కుట్టుకున్నది. బొటనవేలికి ఒక గది, మిగతా నాలుగింటికీ కలిపి ఇంకో గది. కుట్టు వంకర, ఆకారం లేదు. కటింగ్ మాస్టరు ముట్టుకోదగిన వస్తువు కాదు.

అందులో చెయ్యి పెట్టింది. కాసేపటికి వేళ్ళు ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. చీకట్లో పిల్లలు దగ్గరకి జరిగినట్టు జరిగి ఆనుకున్నాయి. మెల్లగా, చిటికెనవేలి చివరిదాకా, ప్రాణం వచ్చింది.

“నీ తొడుగు చూశానమ్మాయ్,” అన్నాడు తాత, కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ. “పని బాగుంది. కానీ గాలి దూరకుండా కుడితే వెచ్చదనం ఎక్కడ కూర్చుంటుంది? దానికీ కాస్త చోటు కావాలి కదా.”

ఆమె రెండో చెయ్యి కూడా సంచిలోకి దూర్చింది.

“ఇంకోటి. చేతులు చల్లబడ్డాక తొడిగితే లాభం లేదు. పెట్టె చల్లారాక గుడ్డ కప్పి ఏం చేస్తాం? ఇంట్లో వెచ్చగా ఉండగానే తొడుక్కుని గడప దాటు.”

ఆ సాయంత్రం మొగుడి పాత ఉన్ని స్వెట్టరు బల్ల మీద పరిచింది. చెమట తాగినా చల్లబడనిది ఉన్నేనని ఆమెకి తెలుసు. గాలి కొట్టకుండా పైపొరకి చిరిగిన రెయిన్‌కోటు గుడ్డ. మణికట్టు దాటి జానెడు పొడవు, చొక్కాచేతుల లోపలికి వెళ్ళేట్టు. అంతా సులువుగానే గీసింది. చివరికి చేతి చుట్టూ అరంగుళం వదులు వదలాల్సిన చోట సుద్ద ఆగిపోయింది. చెయ్యి రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె తరిమేసిన వదులు అది. కళ్ళు మూసుకుని ఒకసారి, బూడిదరంగు గుడ్డలో తప్పుగా దిగిన ఆ అరంగుళాన్ని తలుచుకుంది. కళ్ళు తెరిచి, అంతే దూరం బయటికి గీసింది.

తయారయ్యాక ఆడపడుచు చూసి పగలబడి నవ్వింది. “వేళ్ళకి వేరు కాపురాలు తీసేసి ఉమ్మడి కాపురం పెట్టించావన్నమాట!”

“నలుగురూ ఒక గదిలో ఉంటేనే వెచ్చన. మనిల్లు చూడు.”

“మరి బొటనవేలు?”

“అది నీలాంటిది. ఇంట్లోనే ఉంటుంది, ఎదురు నిలబడుతుంది.”

పరుగు రోజు గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టుంది. మాస్టరమ్మ నీలంరంగు సంచులు తొడుక్కుని వరసలో నిలబడితే పక్కనున్న ఒక కుర్రకారు జట్టు గుసగుసలాడింది.

“ఆంటీ, బాక్సింగు అటువైపు!”

“ముందు పరిగెత్తండి బాబూ. వెనకబడితే అదీ చూపిస్తాను.”

ఏడో కిలోమీటరు దగ్గర ఆ జట్టులో ఇద్దరు, చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ నడుస్తున్నారు. ఆమె ఏమీ అనకుండా దాటిపోయింది. ఊపిరి ముందుగా తెల్లగా వెళుతోంది, ఆమె దాని వెనకే వెళుతోంది. లోపల నాలుగు వేళ్ళూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు కదులుతున్నాయి. పెద్ద కూడలిలో పరుగువాళ్ళ కోసం బళ్ళన్నీ ఆపేశారు. వాటిలో మొదటిది ఒక బస్సు. డ్రైవరు సీట్లోంచి మొగుడు తల బయటపెట్టి చూశాడు. రెండు నీలంరంగు సంచులూ గాల్లోకి ఎత్తి ఊపింది. హారను మోగింది, రూలు ఒప్పుకోనంత సేపు.

ఈసారి ఆగింది బస్సు.

గీత దగ్గర పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆడపడుచు, తాత చెరోపక్క. పెద్దాయన మాట ప్రకారం అన్నిటికన్నా సన్నసూది తెచ్చాడు. పట్టుకున్నది ఆయనే అయినా, అది ఉందో లేదో ఆయనకే అనుమానంగా ఉంది.

గీత దాటింది. పళ్ళతో లాగి తొడుగులు తీసింది. చేతుల్లోంచి చిన్నగా ఆవిరి లేచింది. వేళ్ళు ఎర్రగా, నిద్రలేచిన పిల్లల ముఖాల్లా ఉన్నాయి. గుండె ఇంకా పరిగెత్తుతూనే ఉంది. ఆడపడుచు అందించిన కళ్ళజోడు పెట్టుకుని, ఒక్క ఊపిరి బిగబట్టి, దారం కొస నోట్లో తడిపి, సూదిని వెలుతురుకి ఎత్తింది.

దారం ఒక్కసారికే అవతలికి వచ్చింది.

“ఎక్కింది!” అని ఆడపడుచు అరిచిన అరుపుకి వెనకాల వస్తున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు. తాత తన గుడ్డసంచి జేబులోంచి తీసి ముక్కు తుడుచుకున్నాడు.

“సరేనమ్మా, పరిగెత్తు,” అన్నాడు పెద్దాయన, సూది కోసం చెయ్యి చాపుతూ. “నీ చేతులు, నీ ఇష్టం.”

మాస్టరమ్మ సూది ఇవ్వలేదు. దారానికి ముడి వేసింది. ఒకడుగు ముందుకేసి, వేలాడుతున్న ఆ రెండో గుండీ పట్టుకుంది.

“కదలకండి బాబాయ్ గారూ. గుచ్చుకుంటుంది.”

జనం చుట్టూ పారుతూనే ఉన్నారు. ఆ మధ్యలో ఆయన బుద్ధిగా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. నాలుగు కుట్లు ఇటు, నాలుగు అటు, గుండీ కింద దారం మెడ చుట్టి, వంగి కొరికేసింది. గుండీని ఒకసారి లాగి చూసి, కాస్త వదులు ఉందని నిర్ధారించుకుని, తృప్తిగా వదిలింది.