బొమ్మరింట్లో విరిగిన కుర్చీ

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులోనే ఉండిపోయింది. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను జర్మనీలో, హానోవర్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. సెలవులొస్తే వోల్ఫ్స్‌బర్గ్‌లో పద్మక్క వాళ్లింటికి వెళ్లేదాన్ని. దూరపు చుట్టమే అయినా సొంత చెల్లెల్లా చూసుకునేది. ఒక శనివారం ఆరేళ్ల కూతురు సిరిని, నన్ను పక్క ఊళ్లోని ఒక పాత భవంతికి తీసుకెళ్లింది. ఎప్పటిదో జమీందారుల ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. మేడ మీద గది నిండా పాతకాలపు బొమ్మరిళ్లు. గోరంత పళ్లేలు, కిటికీలకి లేసు తెరలు. ఒకదానికి అద్దం లేదు, ముందు తాడు మాత్రం కట్టారు. అక్క కింద కాఫీ తాగుతోంది. సిరి చేతులు వెనక్కి కట్టుకుని బుద్ధిగా చూస్తోంది. తాడు మీదుగా చెయ్యి చాపింది నేను. ఎందుకు? అందులోని చిట్టి కుర్చీని పట్టుకుని చూడాలనిపించింది, అంతే. కుర్చీ కాలు పుటుక్కున విరిగింది.

కాపలా ఆయన వచ్చి ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. నా వీసా పొడిగింపుకి ఆఫీసువాళ్లిచ్చిన టెర్మిన్ తేదీ దగ్గరపడింది; పోలీసులు, కేసు, ఇంటికి తిరుగు టికెట్టు, అన్నీ ఒక్క క్షణంలో ఊహించేసుకున్నాను. పిల్ల ముట్టుకుందని చెప్పాను. జర్మన్‌లో, తడబడకుండా.

సిరి తను కాదంది. అప్పుడే పైకొచ్చి నా మాట విన్న అక్క దాని చెయ్యి పట్టుకుంది.

"పిన్ని అబద్ధం చెప్తుందా సిరీ? సారీ చెప్పు."

సిరి నా వైపు చూసింది. నేను నిజం చెప్తానని ఎదురుచూసింది. నేను నేలకేసి చూశాను. చివరికి పిల్లే సారీ చెప్పింది. ఈసారి జాగ్రత్త అని ఆయన వెళ్లిపోయాడు. నాకూ అంతే చెప్పేవాడా? తెలియదు. తెలుసుకునే ధైర్యం చెయ్యలేదు.

ఇప్పుడు నాకు ఉద్యోగంతో వచ్చిన బ్లూ కార్డు వీసా, బెర్లిన్‌లో ఇల్లు, ఒక పాప. మొన్న పాప పుట్టినరోజుకి సిరి వచ్చింది. నాకంటే పొడుగైంది. గాజు గిన్నె అందించబోతే నవ్వింది.

"నాకివ్వకు పిన్నీ. చిన్నప్పుడు మ్యూజియంలో కుర్చీ విరగ్గొట్టిన చేతులివి."

నీకు గుర్తుందా అని అడిగాను. గుర్తు లేదట. అమ్మ ఎప్పుడూ చెప్తుంటుందట.

అంటే తనే చేశానని నమ్మేసింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. గిన్నె నేనే తీసుకుని హాల్లోకి వెళ్లిపోయాను.

తనకి చెప్తానో లేదో నాకే నమ్మకం లేదు. ఆ పని చేసింది సిరి కాదు, నేను. ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.