మామ ముందు ఎలుగుబంటినయ్యాను

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, రామన్నపేట దగ్గర మా పల్లెలో జరిగింది ఇది. కొత్త పెళ్లికూతురినైన నాకు నల్లమల చూపించాలని నా భర్త గచ్చు మీద బొగ్గుతో దారి గీస్తున్నాడు.

"గీడిదాక బండి, గీడికెల్లి నడక. గీ మడుగుకాడ జింకలొస్తయి, గీ గుట్టల ఎలుగ్గొడ్లు."

అంతలో సోదాకు మిలిటరీ వచ్చింది. ఆ గీతలు అడవిలో దాగి పోరాడుతున్న సంఘపోళ్ల, అంటే కమ్యూనిస్టుల, జాడ అనుకొని ఆయన చేతులు వెనక్కి కట్టారు. వాళ్లకు మన మాట రాదు. నేను అక్కడే నిలబడ్డ మామ ముందే కొంగు బిగించి, మడుగు గుర్తు దగ్గర జింకలా గెంతాను. గుట్ట గుర్తు దగ్గర ఎలుగుబంటిలా గుర్రుమంటూ పాకాను. సిపాయిలు పగలబడి నవ్వి కట్లు విప్పారు.

సిగ్గుతో తలుపు చాటుకు పోతే మామ అన్నాడు, "ఎందుకు బిడ్డా సిగ్గు, గా ఎలుగ్గొడ్డే గద నా కొడుకును ఇడిపిచ్చింది."

నల్లమలకు మేము ఎన్నడూ పోలేదు. నా భర్త మాత్రం ముసలివాడై, నా చేతి బువ్వ తిని కన్నుమూశాడు.