పీతల దాకా రాని ఉపన్యాసం

లాఠీ లేకుండా, ఉపన్యాసంతోనే జనాన్ని చెదరగొట్టగల మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఆయన పేరు భిక్షపతి. ఏ విషయంపై మాట్లాడమన్నా మూడో వాక్యానికల్లా మడ అడవిలోకి దిగిపోవడం ఆయనకున్న ఏకైక వ్యసనం.

పుట్టింది నల్గొండ పల్లెలో. ఫారెస్టు గార్డు ఉద్యోగం మాత్రం ఇరవై ఆరేళ్లూ సముద్రపు ఒడ్డున. రిటైరై సైదాబాద్‌లో స్థిరపడ్డాక, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరానికి అందరికన్నా ముందు వచ్చేవారు. లా చదివిన గర్వంతో అక్కడ సమయపాలన నా నెత్తికెత్తుకున్నాను. మనిషికి మూడు నిమిషాలు, మినహాయింపుల్లేవు.

"నీళ్ల మీద మాట్లాడండి," అంటే, "నీళ్లంటే యాదికొచ్చింది," అనేవారు. "మడచెట్టు ఉప్పునీళ్లల్ల బతుకుతది. ఊపిరి కోసం వేర్లను బురదలకెల్లి పైకి లేపుతది."

"నియామకాల మీద మాట్లాడండి."

"నౌకరీ అంటే మడచెట్టుదే. తుఫానొచ్చినా సెలవు పెట్టదు. జర ఆగు వకీలమ్మా, ఇంకా పీతల కాడికి రాలే."

పీతల దాకా ఆయన ఎన్నడూ రాలేదు. ఆలోపే శిబిరం ఖాళీ అయ్యేది. చివరికి ఆయనకు మైకు నిషేధిస్తూ ఒక తీర్మానం రాశాను. అంత పకడ్బందీ పత్రం పరీక్షల్లో కూడా రాయలేదు.

ఆ మధ్యాహ్నమే మహిపాల్ అనే కుర్రాడు ఇరవైమందిని వెంటేసుకుని లేచాడు. రోడ్డుకు అవతల కోటేశ్వరమ్మ మెస్. దాని నెత్తిన 'గోదావరి భోజనం' అన్న బోర్డు.

"ఆ ఆంధ్రోళ్ల బోర్డు పీకుతం," అన్నాడు.

కోటేశ్వరమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను సెక్షన్లు వల్లించబోయాను, ఎవరూ వినలేదు. అందరూ రోడ్డు దాటేశారు.

భిక్షపతి నా చేతిలోని మైకు లాక్కున్నారు. "మహిపాల్, నువ్వు సముద్రపు అలవు బిడ్డా. నీ ఊపెంతనో సూద్దాం. మిగిలినోళ్లు మడచెట్లు." మైకులో తన పేరు మోగేసరికి మహిపాల్ వెనక్కి వచ్చి, నడిరోడ్డు మీద ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "మీరంత నా దిక్కు తిరిగి చేతులల్ల చేతులేసుకోండ్రి. కాళ్లు ఎడంగ పెట్టుండ్రి. గట్ల కాదు, జర ఎన్కకు. ఇంకా ఎన్కకు."

అల ఉరికి వచ్చింది. మొదటి వరుస చెట్ల దగ్గర సగం ఊపు పోయింది, రెండో వరుసలో చెప్పు పోయింది, మూడో వరుసలో ఎవరో చక్కిలిగింత పెట్టారు. అల రోడ్డు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

"సమజైందా? రొయ్యల చెరువుల కోసమని మడను నరికితే, ఒడ్డున ఉన్న ఊళ్లకు గీ అడ్డం ఉండదు."

అప్పుడు గమనించాను: ఎన్కకు, ఎన్కకు అంటూ ఆయన నిలబెట్టిన ఆ అడవి సరిగ్గా మెస్ గుమ్మానికి అడ్డంగా ఉంది.

"ఎండలో ఎంతసేపు నిలబడతారు బాబూ, ఆకులేశాను, లోపలికి రండి," అంది కోటేశ్వరమ్మ. "ముందు ఆ అలబ్బాయికి వడ్డిస్తాను."

నా తీర్మానం చించేశాను. భిక్షపతికి కాలపరిమితి లేకుండా మైకు ఇవ్వాలని మరొకటి రాసి, ఆయన ఆకు పక్కన పెట్టాను. ఆయన అది చదివి, జేబులో పెట్టుకుని, పప్పన్నం కలిపారు.

"రేపటి సంది మడ ముచ్చట మహిపాల్ చెప్తడు వకీలమ్మా," అని తేల్చేశారు. "నేను పీతలు మొదలుపెడ్త."